మట్టి ఋణము

తూర్పు కనుమలలో వేసవి ఆరంభమున ఒకటి రెండు మంచి జల్లులు పడిన పిదప, పది దినములు గడచునప్పటికి కాఫీ తోటలు తెల్లని పూవులతో నిండిపోవును. కొమ్మకొమ్మకును మల్లెలు గ్రుచ్చినట్లుండును. వాసనయు మల్లెలనే తలపించును. ఈ శోభ మూడు నాలుగు దినములకు మించి నిలువదు. పూవులు రాలి, పచ్చని పిందెలు కట్టి, ఎనిమిది తొమ్మిది నెలలకు అవి ఎర్రని పండ్లగును. కార్తీకము మొదలు పుష్యము వరకు గిరిజన కుటుంబములు కొండవాలులలో తిరుగుచు, పండిన వానిని ఏరి కోయుచుందురు. పట్టణవాసి ప్రొద్దుననే త్రాగు కాఫీ వెనుక ఇంత కథ యున్నది. కాని ఆ కథలో ఎవరి కంటికిని కనబడని పాత్ర యొకటి కలదు. అది చెట్టు క్రింది మట్టి.

కాఫీ మైదానములలో పుట్టిన చెట్టు కాదు. అరబికా అను కాఫీ జాతికి జన్మస్థానము ఆఫ్రికా ఖండమందలి ఇథియోపియా దేశపు పర్వతారణ్యములు. అచ్చట మహావృక్షముల నీడలో, రాలిన ఆకులు కుళ్లి నల్లబడిన మెత్తని నేలపై, అది పొదవలె పెరిగెడిది. ఇథియోపియా నుండి అది యెమెన్ దేశమునకు చేరినది. పదునేడవ శతాబ్దమున బాబా బుడన్ అను సాధువు యెమెన్ నుండి ఏడు గింజలను రహస్యముగా తెచ్చి కర్ణాటకమందలి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. తూర్పు కనుమలలో మొట్టమొదట 1898లో గోదావరి ప్రాంతపు పాములేరు లోయలో కాఫీ నాటబడినది. ఇన్ని దేశములు తిరిగినను కాఫీ తన పుట్టింటి అలవాటును మానలేదు. దానికి నేటికిని కావలసినవి రెండే: తలపై పలుచని నీడ, పాదముల క్రింద జీవము గల అడవి మట్టి.

నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున కాఫీ విశేషముగా పండునది అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతములలో. ఈ జిల్లా 2022లో ఏర్పడినది. అంతకు పూర్వము ఈ ప్రాంతములు విశాఖపట్టణము జిల్లా ఏజెన్సీలో చేరియుండెడివి. అరకు లోయ సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. చల్లని గాలియు, ఎర్రని నేలయు, జ్యేష్ఠము నుండి ఆశ్వయుజము వరకు కురియు వానలును ఇచ్చటి ప్రకృతి లక్షణములు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, పోర్జలు, కోటియలు మొదలగు గిరిజనులు ఈ కొండలలో తరతరములుగా నివసించుచున్నారు.

పూర్వము ఈ కొండలలో పోడు వ్యవసాయము ప్రధానముగా నుండెను. కొండవాలుపై చెట్లను నరికి, ఎండిన పిదప కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లెడివారు. బూడిద బలముతో మొదటి ఏట పైరు ఏపుగా వచ్చెడిది. రెండవ ఏట దిగుబడి తగ్గెడిది. మరి యొకటి రెండేండ్లకు ఆ నేలను విడిచి వేరొక వాలునకు పోయెడివారు. జనము తక్కువగాను, అడవి ఎక్కువగాను ఉన్న దినములలో విడిచిన నేల చాల ఏండ్లు విశ్రమించి తిరిగి అడవి యగుచుండెను. జనము పెరిగిన కొలది ఆ విశ్రాంతి కాలము తగ్గినది. చెట్టు లేని వాలుపై వాన సూటిగా కొట్టినది. పైమట్టి వాగులలోనికి కొట్టుకొనిపోయినది. కూర్చుండి తినిన కొండలైనను కరగునను సామెత ఇచ్చట అక్షరాలా నిజమైనది. ఒక్క అంగుళము మట్టి ఏర్పడుటకు ప్రకృతికి వందల సంవత్సరములు పట్టును. దానిని కోల్పోవుటకు కొన్ని వర్షాకాలములు చాలును.

ఈ పరిస్థితిలో కాఫీ ఒక ఉపాయముగా కనబడెను. అడవిని కొట్టివేయక, దాని నీడలోనే పండు పంట యిది. 1960వ దశకమున అటవీ శాఖ వారు రక్షితారణ్యములలో కాఫీ తోటలు వేయించిరి. 1985లో ఆ తోటలు రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగింపబడినవి. తరువాత గిరిజనాభివృద్ధి సంస్థయు, కాఫీ బోర్డును తోడ్పడగా గిరిజనులు తమ సొంత భూములలోనే కాఫీ నాటసాగిరి. బోడివాలులలో ముందుగా సిల్వర్ ఓక్ మొక్కలు నాటి, అవి నీడ నిచ్చునంత ఎదిగిన పిదప వాని నడుమ కాఫీ నాటిరి. సిల్వర్ ఓక్ మ్రానులపైకి మిరియాల తీగలను ప్రాకించిరి. అక్కడక్కడ పనస, మామిడి చెట్లను నిలిపిరి. ఇట్లు చెట్లును పైరును కలిసియుండు సేద్యమునకు వనవ్యవసాయమని పేరు. బోడికొండపై చెట్లు నాటుట కష్టమే యైనను సాధ్యమైనది. కాని పోయిన మట్టి సారమును తిరిగి తెచ్చుట అంతకంటె కష్టము. అందులకు మొదట అడవి తన నేలను ఎట్లు పోషించుకొనునో తెలిసికొనవలెను.

అడవికి ఎవరును ఎరువు వేయరు. అయినను అది పచ్చగా నుండును. ఏల? చెట్టు ఆకులను రాల్చును. చెదలును వానపాములును వానిని కొరికి ముక్కలు చేయును. కంటికి కనబడని సూక్ష్మజీవులును బూజులును ఆ ముక్కలను కుళ్లజేయును. ఆకులలో నున్న నత్రజని, భాస్వరము, పొటాషియము మొదలగు పోషకములు విడివడి తిరిగి వేళ్లకు అందును. కుళ్లగా మిగిలిన నల్లని పదార్థమే హ్యూమసు. అది మట్టి రేణువులను గుల్లగా కూర్చి, నడుమ గాలికిని నీటికిని చోటు కల్పించును. వాన వచ్చినప్పుడు నీటిని పీల్చుకొని, ఎండలో మెల్లమెల్లగా వేళ్లకు విడిచిపెట్టును. ఈ విధముగా అడవిలో పుట్టినదంతయు అడవిలోనే కలియును. అడవి తన వంటను తానే వండుకొని తానే భుజించును.

తోట అట్లు కాదు. తోటలో పండినది సంతకు పోవును. సుమారు ఆరు కిలోల కాఫీ పండ్ల నుండి ఒక కిలో గింజలు వచ్చును. ఒక టన్ను గింజలు కొండ దిగినప్పుడు వానితో కూడ 20 కిలోల నత్రజనియు, దాదాపు అంతే పొటాషియమును కొండ దిగిపోవును. అవి గాలిలో నుండి ఊడిపడినవి కావు; మట్టి యిచ్చినవి. పండు తొక్కను కూడ పారవేసినచో ఈ నష్టము ఇంకను పెరుగును. తొక్కలో పొటాషియము విశేషముగా నుండును. ఏటేట తీసికొనుటయే గాని ఇచ్చుట లేని చోట చెట్లు మొదట ఆకులు పసుపుపచ్చగా చేసికొనును. తరువాత కొమ్మల కొనలు ఎండును. పిమ్మట ఒక ఏడు విరివిగా కాచి మరుసటి ఏడు గొడ్డుపోవును.

ఒకే కొండవాలున ప్రక్కప్రక్కనే రెండు తోటలున్నవని భావింపుడు. ఇద్దరు రైతులును ఒకే దినమున నాటిరి. పది సంవత్సరములు గడచినవి. చిన్నవాని తోటలో చెట్లు సన్నగిల్లినవి. పెద్దవాని తోటలో కొమ్మలు వంగునట్లు కాచినవి. చిన్నవాడు ఒకనాడు పెద్దవానితో, "అన్నా, విత్తనమొకటే, వాన యొకటే. నా చెట్లకేమి శాపము తగిలినది?" అని అడిగెను. పెద్దవాడు అతనిని గట్టునకు తోడ్కొనిపోయి, రెండు తోటల మట్టిని రెండు పిడికిళ్లతో తీసి చూపెను. ఒకటి ఎర్రగా, గట్టిగా, ఇటుక ముక్కవలె నున్నది. రెండవది నల్లగా, గుల్లగా నుండి, వ్రేళ్ల సందులనుండి జారుచుండెను. అందులో ఒక వానపాము మెదలుచుండెను. "తమ్ముడా, నీవు రాలిన ఆకును ఊడ్చి కాల్చితివి, నేను చెట్టు మొదట కప్పితిని. నీ కాఫీ తొక్కను వాగు త్రాగినది; నా తొక్కను తోట తినినది. భేదమంతయు ఇంతే" అని అతడు పలికెను.

ఈ సంభాషణ కల్పితమే కాని అందులోని విషయము సత్యము. కాఫీ పండ్లను యంత్రమున వేసి తొక్క తీసి, జిగురు పోవునట్లు కడిగి, గింజలను ఎండబెట్టుదురు. పండు బరువులో ఇంచుమించు నాలుగు పాళ్లు పదింట తొక్కయే. దానిని వాగులో పడవేసినచో అది కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోవును, చేపలు చచ్చును, దిగువ గ్రామముల వారి త్రాగునీరు చెడును. ఒకచోట కుప్పగా విడిచినచో పులిసి దుర్గంధము వేసి ఈగలు ముసరును. అదే తొక్కను సరియైన పద్ధతిలో మాగబెట్టినచో మేలైన ఎరువగును. విషమగుటయు ఎరువగుటయు మనుష్యుని బుద్ధిపై ఆధారపడియున్నవి.

చెత్తను ఎరువుగా మార్చు పద్ధతిని శాస్త్రీయముగా రూపొందించిన వారిలో ఆల్బర్ట్ హోవర్డ్ ముఖ్యుడు. ఆంగ్లేయుడైన ఈ శాస్త్రజ్ఞుడు 1924 నుండి 1931 వరకు ఇందూరులోని వ్యవసాయ పరిశోధనాలయమున పనిచేసెను. భారతీయ రైతులనే తనకు గురువులుగా భావించినట్లు ఆయన తరువాత వ్రాసికొనెను. చీనా రైతులు తరతరములుగా చేయు పనిని కూడ గమనించి, ఆకుచెత్త, పేడ, మట్టి, బూడిదలను పొరలుగా పేర్చి మాగబెట్టు పద్ధతిని ఆయన నిర్ణయించెను. అది ఇందూరు పద్ధతియని ప్రసిద్ధి కెక్కినది. 1930వ దశకమున ఆ పద్ధతిని ఆఫ్రికాలోని కెన్యా దేశపు కాఫీ తోటలవారు అవలంబించిరి. భారతదేశమున పుట్టిన పద్ధతి కాఫీ పుట్టిన ఖండమునకు పోయి కాఫీ చెట్లకే మేలు చేయుట విశేషము.

కాఫీ తోటలో కంపోస్టు చేయు విధమిది. నీరు నిలువని, నీడ గల చోటు నెన్నుకొందురు. అది తోటకు ఎగువ భాగమున నున్నచో ఎరువును క్రిందికి మోయుట సులభము. అడుగున పుల్లలును ఎండుటాకులును పరతురు. దానిపై కాఫీ తొక్క, పచ్చి కలుపు మొక్కలు, కత్తిరించిన లేతకొమ్మలు వేయుదురు. దానిపై పేడనీళ్లు చల్లి, పిడికెడు బూడిదయు కొంచెము మట్టియు జల్లుదురు. ఇట్లు పొరపై పొర వేసి రొమ్మెత్తు కుప్ప చేయుదురు. ఎండుటాకులలో కర్బనము హెచ్చు. పచ్చిరొట్టలోను పేడలోను నత్రజని హెచ్చు. నత్రజని ఒక పాలునకు కర్బనము 25 మొదలు 30 పాళ్లున్నచో సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయును. కుప్పలోని పదార్థమును పిడికిట పట్టి పిండినచో చేతికి తడి తెలియవలెను గాని నీరు కారరాదు.

కొలది దినములలోనే కుప్ప వేడెక్కును. లోపలి వేడిమి 55 డిగ్రీలు దాటును. ఆ వేడికి కలుపు గింజలును పెక్కు రోగక్రిములును నశించును. వేడి తగ్గినప్పుడెల్ల కుప్పను తిరుగవేయవలెను. గాలి ఆడనిచో అది కుళ్లి కంపు కొట్టును. మూడు నాలుగు నెలలకు కుప్ప కుంగి, నల్లబడి, తొలి వానకు తడిసిన మట్టివాసన వేయును. అప్పుడది సిద్ధమైనదని గుర్తు. పేడ సమృద్ధిగా నున్నచోట మెత్తబడిన చెత్తను వానపాములకు ఆహారముగా నిచ్చి వర్మికంపోస్టు కూడ చేయుదురు.

మంచి పనికిని కొన్ని జాగ్రత్తలు కావలెను. మాగని తొక్కను, పచ్చి చెత్తను వేళ్ల వద్ద పూడ్చిపెట్టరాదు. దానిని కుళ్లజేయు సూక్ష్మజీవులు తమ పోషణకై మట్టిలోని నత్రజనిని తామే తీసికొనును. చెట్టు కొన్నాళ్లు పస్తుండవలసివచ్చును. కనుక మాగిన ఎరువును మట్టిలో కలుపవలెను. మాగని ఆకును నేలపై కప్పుగా పరువవలెను. ఈ కప్పు వాన దెబ్బను తాను కాచుకొనును, ఎండలో తేమను నిలుపును, కలుపును అణచును. అయితే కాండమునకు ఆనించి వేయరాదు. ఆనినచోట బెరడు కుళ్లు ప్రమాదము కలదు.

కొండ నేలలు అనేకము ఆమ్లగుణము కలవి. ఆమ్లత్వము మితిమీరినచో ఎరువు వేసినను వేళ్లకు కొన్ని పోషకములు అందవు. అట్టి నేలకు వ్యవసాయపు సున్నము మందు. కాని మట్టిని పరీక్ష చేయించిన పిదపనే తగు మోతాదులో వేయవలెను. సున్నమును పేడ ఎరువుతో కలిపి వేయరాదు. కలిపినచో ఎరువులోని నత్రజని అమ్మోనియా వాయువుగా మారి ఆకాశము పాలగును. రెంటికిని నడుమ కొన్ని వారముల ఎడమ ఉండవలెను.

నీడచెట్లు కూడ ఎరువు నిచ్చు దాతలే. కాని అన్ని ఆకులును ఒక్క తీరున కుళ్లవు. సిల్వర్ ఓక్ ఆకు బిరుసైనది, మెల్లగా కుళ్లును. కనుక నేలపై చాలకాలము కప్పుగా నిలుచును గాని పోషకములను త్వరగా నీయదు. గ్లిరిసిడియా వంటి చిక్కుడుజాతి చెట్ల ఆకులు మెత్తనివి, నత్రజని హెచ్చుగా గలవి. ఈ జాతి చెట్ల వేరుబుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టున కందించును. రెండు విధములైన ఆకులును కలిసియున్న తోట నేల, రెండు విధములైన ఆహారము తినిన దేహమువలె బలపడును. వానలకు ముందు నీడచెట్ల కొమ్మలను కొంత నరికినచో కాఫీకి వెలుతురును అందును, నేలకు పచ్చిరొట్టయు దక్కును. నీడను బొత్తుగా తీసివేయుట మాత్రము తెలివి కాదు. ఎండ సోకు తోటలలో కాండము తొలుచు పురుగు బెడద హెచ్చగును.

వాలునేలలో మరియొక పని అవసరము. వాలునకు అడ్డముగా, ఒకే ఎత్తున సాగు గీతల వెంబడి, కాఫీ వరుసల నడుమ చిన్నచిన్న గుంటలు త్రవ్వుదురు. పరుగెత్తు వాననీరు వానిలో నిలిచి నేలలోనికి ఇంకును. నీటితో వచ్చిన మట్టియు ఆకులును అందులోనే దిగబడి కుళ్లును. ఎరువు వేసి వాననీటికి అడ్డు కట్టనివాడు చిల్లుకుండలో నీరు పోసినవాడగును.

ఈ సేద్యము శ్రమ లేనిదని చెప్పుట సత్యము కాదు. కంపోస్టులో పోషకములు కొద్ది పాళ్లలోనే యుండును; కావున ఎక్కువ మోతాదు కావలెను. గంపలతో కొండ యెక్కించుట కష్టము. పశువులు లేని ఇంట పేడ దొరకదు. ఫలితమును ఒక్క ఏటిలో కనబడదు. నేల కోలుకొనుటకు కొన్ని సంవత్సరములు పట్టును. అప్పులలో నున్న రైతునకు ఆ నిరీక్షణము భారమే. అందువలననే ఎరువు చేయుటలోను, పండ్లను శుభ్రపరచుటలోను, అమ్ముటలోను రైతులు కలిసి పనిచేయుట మేలు. ఒకరి పేడ, ఒకరి తొక్క, ఒకరి కండబలము చేరినచో ఒక్కనికి అసాధ్యమైనది పదుగురికి సుసాధ్యమగును.

ఆ ఓర్పునకు ఫలము కూడ కలదు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ పేరుతో అమ్ముటకు ఆ ప్రాంతమున పండిన కాఫీకే హక్కు కలదని అర్థము. ఒకప్పుడు పోడు పొగలు లేచిన కొండల పేరు నేడు విదేశపు అంగళ్లలో కాఫీ పొట్లములపై కనబడుచున్నది. ఆ పేరును నిలుపునది ప్రచారము కాదు, ఆ కొండల మట్టి.

మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని పెద్దలు చెప్పిరి. సేద్యము చేయువానికి నాలుగవ ఋణము కూడ కలదు. అది మట్టి ఋణము. ఆ అప్పిచ్చిన మట్టి నోరు తెరచి అడుగదు, పత్రము వ్రాయించుకొనదు. తీర్చినవానికి పంటయై మరల ఇచ్చును. తీర్చని నాడు మెల్లగా వాగు వెంట వెడలిపోవును. రాలిన ఆకును, పండు తొక్కను, కొట్టిన కొమ్మను తిరిగి దాని ఒడిలో చేర్చుటయే ఆ ఋణము తీర్చు మార్గము. అట్లు తీర్చిన తండ్రి తన బిడ్డలకు తోటతో పాటు దాని క్రింది మట్టిని కూడ అప్పగించి పోగలడు.